ఆదినారాయణ మంచం కింద దేశాదాయం

దేశం మొత్తం ఏడాదికి ఎంత సంపాదిస్తుందో తేల్చే భారం 1955లో నంద్యాల శేషయ్య సైకిలు మీద పడింది. దేశమంతా కాదు లెండి, ఆళ్లగడ్డ, గడివేముల పక్క ఇరవై ఇళ్లు. ఏటా అవే ఇళ్లకు పోయి ఎంత పండిందో రాసుకురావాలి. అలాంటి అంకెలన్నీ ఢిల్లీలో కూడితే దేశం పెరిగిందో తరిగిందో తెలుస్తుందట. ఉద్యోగం తాత్కాలికం. రెండేళ్ల లెక్కలు పొంతన కుదిరితే ఖాయం చేస్తామన్నారు. స్కూలు ఫైనలు మూడుసార్లు తప్పిన శేషయ్యకు ఇదే ఆఖరి పరీక్ష.

మొదటి ఏడు, ఆళ్లగడ్డ దాపున ఆదినారాయణ అనే రైతు, వచ్చినవాడు పన్నులాయన అనుకున్నాడు. నడివాకిట్లో, మండుటెండలో వేసిన మంచం మీద కూర్చోబెట్టి ఏడుపొక్కటే తక్కువ.

"ఏం రాసుకుంటావప్పా. మూడు మూటల జొన్నలు. మా ఇంటి ఎలకలు గూడ పక్కింటికి వలసపోయినాయ్."

శేషయ్య మూడని రాసుకున్నాడు. మరుసటి ఏడు మళ్లీ వెళ్లి, మంచినీళ్లు తాగుతూ, "నిన్నంతా గడివేములలో రాసుకొని వస్తాండా" అన్నాడు.

ఆదినారాయణ చెవులు నిక్కాయి. కొడుక్కు గడివేముల రంగయ్య కూతుర్ని అడిగి ఉన్నాడు. పిల్లనిచ్చేవాళ్లు ఏదో వంకతో మనిషిని పంపి పంట ఆరా తీయడం ఆ పక్క మామూలే.

"ఎనభై మూటలు. రాసుకో" అని మీసం దువ్వి, "ఓళిగల మీద నెయ్యి దండిగా పొయ్యి" అని భార్యకు కేకేశాడు.

ఆ ఓళిగలు అరగకముందే పైఅధికారి కాగితం చూశాడు. "దేశం నూటికి నాలుగో ఐదో పెరిగితే మనకు పండగ. నీ ఆదినారాయణ ఇరవయ్యారింతలు పెరిగినాడు. సోమవారానికి నిజం తే. తేకపోతే నువ్వూ రావద్దు."

శేషయ్య ఆదరాబాదరా పోయేసరికి, సంబంధం మాట్లాడటానికి వచ్చిన రంగయ్య అదే మంచం మీద ఉన్నాడు.

"అన్నా, పోయినేడు మూడంటివి, ఈయేడు ఎనభై అంటివి. యాది నిజం?"

ఆదినారాయణ భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు. మూడంటే పెళ్లి పోతుంది, ఎనభై అంటే పన్ను పడుతుంది.

"చెప్పు. నోట్లో జొన్నలు పోసుకున్నావా?" అంది భార్య ఉమామహేశ్వరమ్మ.

రంగయ్య నవ్వాడు. "ఈయప్ప మా ఇంటికీ వచ్చినాడు. నేను రెండని చెప్పినా. ఎండలో మంచం ఎందుకేస్తారో నాకు తెల్దా బావా? మా జొన్నల పాతర మీద గూడ మంచమే. తీయ్, కొలుద్దాం."

మంచం జరిపారు. మట్టి గీకి, బండ ఎత్తి, గొయ్యిలోని చెడుగాలి పోయేదాకా ఆగారు. తాడుతో లాంతరు దించితే ఆరలేదు. పొద్దు వాలేలోపు జొన్నలు నలభైయొక్క మూటలు తేలాయి.

"పోయినేడు ముప్పైతొమ్మిది" అంది ఉమామహేశ్వరమ్మ. "గోడ మీద నా బొగ్గు గీతలున్నాయ్, లెక్కపెట్టుకో."

రంగయ్య చేతులు దులుపుకున్నాడు. "చెప్పినదాంట్లో సగం నిజం. మా వంశంలో ఇంత నిజాయితీపరుడు పుట్టలే. పిల్లనిస్తా."

"సరే బావా, రేపు పొద్దున్నే మీ మంచం జరుపుదాం" అన్నాడు ఆదినారాయణ.

రంగయ్య నవ్వు ఆగిపోయింది. మర్నాటికి ఆయన రెండు మూటలు ముప్పైఎనిమిదయ్యాయి.

ముప్పైతొమ్మిది నలభైయొకటి కావడం అధికారికి నచ్చింది. ఉద్యోగం ఖాయమైంది. ఆ తర్వాత శేషయ్య ఏ ఇంటికి పోయినా పంట మాట ఎత్తేవాడు కాదు. చెమట తుడుచుకుంటూ, "మంచం రవ్వంత నీడకు జరుపుతారా" అనేవాడు.