రాతి తొట్టికి వేసిన మార్కులు

ఈ సంగతి పాత ఫైళ్ళలో దొరకదు. బహుమతి ఎవరికి వచ్చిందన్న ఒక్క వాక్యమే అక్కడ ఉంది. పట్టిక రాయడంలో తప్పు నాది కాబట్టి మిగతాది నేనే రాసిపెట్టాలి.

1958 ప్రాంతం. చింతామణికి దగ్గరలో ఒక ఊరి పురసభ కచేరిలో నేను గుమాస్తాను. మిడిల్ స్కూలు దాటలేదు. మిగతా చదువంతా లైబ్రరీ చలవ. పట్టణాల నిర్మాణం మీద అక్కడున్న పుస్తకాలన్నీ నోట్సు రాసుకుని మరీ చదివాను. ఆ ఏడు, వీధిని బాగుచేసిన వారికో పాత కట్టడాన్ని కాపాడిన వారికో బహుమతి ఇవ్వాలని పురసభ తీర్మానించింది. క్రైటీరియా, అంటే దేనికి ఎన్ని మార్కులో చెప్పే పట్టిక, నన్ను రాయమన్నారు. పొంగిపోయాను. పుస్తకాల్లోంచి తొమ్మిది అంశాలు ఏరి గోడకు అంటించాను. నాలుగోది: "కట్టడానికి లోపలా వెలుపలా సున్నం వేసి ఉండవలెను."

సంతమైదానంలో ఎద్దులు నీళ్ళు తాగే పాత రాతి తొట్టి ఉండేది. దాన్ని తీసేసి అక్కడ లారీలు నిలపాలని పురసభ ప్రెసిడెంటుగారి ఆలోచన. రాతిపని చేసే నారాయణప్ప పగిలిన బండను సరిచేసి తొట్టిని పోటీకి పెట్టాడు.

"బహుమానమొస్తే దీన్ని పగలగొట్టరు గదప్పా?" అని అడిగాడు.

"ముందు మార్కులు రావాలి," అన్నాను.

సంతనాడు తనిఖీకి వెళ్ళాం. తొట్టి లోపలా బయటా తెల్లగా మెరుస్తోంది. నిండా నీళ్ళు. కైవారం నుంచి వచ్చిన బండి ఎద్దులు మూతి పెట్టి, వెంటనే తల తిప్పేశాయి. ఇంకో జతా అంతే.

బండి తోలే పిల్లప్ప నవ్వాడు. "సున్నమొకటే పెడితే ఎట్లప్పా? ఆకూ వక్కా యాడ?"

"ఎద్దులు తాగని తొట్టి ఇంకెందుకు?" అన్నారు ప్రెసిడెంటు. నారాయణప్ప ముఖం వాడిపోయింది.

తొట్టికి రోజూ నీళ్ళు పోసే గంగమ్మ నా మీదికి వచ్చింది. "నిన్న పొద్దుమునిగేదాకా నేనే పూస్తిని. ఎద్దులు తాగే గాడికి లోపల సున్నం కొట్టకూడదని నాకు తెలీదా? లోపలా వెలుపలా అని నువ్వు రాసినావంట, మార్కులు పోతాయని పూస్తిమి. నీ పుస్తకాల్లో ఎద్దులుండవా?"

"అయ్యా, తప్పు తొట్టిది కాదు, నా పట్టికది. వచ్చే సంతకు మళ్ళీ చూడండి," అని ప్రెసిడెంటును అడిగాను.

"అప్పుడూ తాగకుంటే?"

"పగలగొట్టించండప్పా." ఆ మాట అన్నది నారాయణప్ప.

వారమంతా నేనూ, నారాయణప్పా, గంగమ్మా పీచుతో, ఇసుకతో తొట్టిని రుద్దాం. నీళ్ళు నింపడం, పారబోయడం, మళ్ళీ నింపడం. నాలుగో అంశం కొట్టేసి, "ఏ పనికి కట్టారో ఆ పనికి నేడు వస్తున్నదా?" అని రాశాను. మరుసటి సంతనాడు, ప్రెసిడెంటు చూస్తుండగానే, పేరేసంద్ర నుంచి వచ్చిన ఎద్దులు తల దించి, కడుపు నిండేదాకా ఎత్తలేదు.

బహుమతి సిమెంటు కాలువ వేయించుకున్న వీధికి పోయింది. లారీల చోటు మాత్రం మైదానం అవతలికి మారింది.

నేను పుస్తకాలు మానలేదు. అయితే ఆ తరువాత ఏ పట్టిక రాసినా, ముందు ఆ వస్తువును వాడేవాళ్ళ దగ్గరికి వెళ్ళి అడిగేవాణ్ణి.

రెండోసారి ఎండలో వచ్చి చూసిన ప్రెసిడెంటు చన్నకృష్ణప్పగారికి, గడువు దాటినా పుస్తకాలు నా దగ్గరే ఉండనిచ్చిన లైబ్రేరియన్ సుబ్బరాయప్పగారికి, తాను బాగుచేసిన తొట్టినే పందెం పెట్టిన నారాయణప్పకు, నవ్వుతూనే నిజం చెప్పిన పిల్లప్పకు కృతజ్ఞతలు. గంగమ్మకు చదువు రాదు. ఆమెకు చెప్పవలసింది నేనే వెళ్ళి చదివి వినిపిస్తాను.