బూడిద కలిపిన గోడ

మా అమ్మకు బూడిద పేరెత్తితే ఒళ్లు మండుతుంది. ఆమె పుట్టిల్లు భూపాలపల్లి పక్క ఊరు. బొగ్గు కాలిన బూడిద నింపుకున్న లారీలు ఇంటి ముందు నుంచి పోతుంటే, ఆరేసిన మిరపకాయలు మళ్లీ మళ్లీ తుడుచుకుంటూ పెరిగింది. అదే బూడిదను నేను తెప్పించి, సిమెంటు తగ్గించి, దాని బదులు గోడలో పోయిస్తున్నానని చెబితే ఊరుకుంటుందా?

"నిన్ను సదివిచ్చుడు బూడిదల వోసిన పన్నీరే అయింది" అంది.

అప్పటికి ఆమెకు రొమ్ములో గడ్డ తీసేసి, కరెంటు పెడుతున్నారు. రేడియేషన్‌ను మా దగ్గర అందరూ అలాగే అంటారు. జనగామలో రైలెక్కి హైదరాబాద్ పోయేవాళ్లం. ఆమెను లోపల పడుకోబెట్టి తలుపు మూసేవారు. నేను బయట బెంచీ మీద, గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని.

ఇంజనీరుగా నేను కాంక్రీటు పోయించాల్సిందీ అలాంటి గదికే, జనగామలో కడుతున్న ఓ దవాఖానలో. కిరణాలు దాటకుండా ఉండాలంటే గోడ బాగా మందంగా, కాంక్రీటు మామూలుకంటే బరువుగా ఉండాలి. అందుకని కంకర బదులు మహబూబాబాద్ వైపు నుంచి ఇనుప రాయి తెప్పించాం. అంత మందం గోడలో సిమెంటు ఎక్కువైతే లోపల వేడెక్కి పగుళ్లు పడతాయి. బూడిద కలిపితే ఆ వేడి తగ్గుతుంది. పైగా ఈ కాంక్రీటు దానంతట అదే పారి మూలమూలకూ సర్దుకుంటుంది. వైబ్రేటర్ పెట్టి కుదిపితే మాత్రం బరువు రాళ్లు అడుక్కి దిగిపోతాయి.

ముందు నమూనా గోడ పోసి, గట్టిపడ్డాక కోసి చూస్తామన్నారు దవాఖాన వాళ్లు. రాయి పైనా కిందా సమంగా ఉంటేనే బూడిద, లేకపోతే మళ్లీ సిమెంటే.

మా మేస్త్రీది పెద్దవంగర దగ్గరి తండా. కాంక్రీటు పోసే రోజు కొబ్బరికాయ కొట్టి, వైబ్రేటర్‌కు బొట్టు పెట్టనిదే పని మొదలుపెట్టడు. బొట్టు పెట్టుకో, గోడలో మాత్రం పెట్టకు అన్నాను.

"అది వెట్టకుంట గోడ ఎట్ల గట్టివడ్తది మేడం?"

మళ్లీ చెప్పాను. తలూపాడు. కూలీలతో లంబాడీలో ఏదో అన్నాడు, వాళ్లు నవ్వారు. నాకు చిర్రెత్తింది.

కోసిన రోజు చూస్తే, ఒక కొసన రాళ్లన్నీ అడుగున పడి ఉన్నాయి. పైన వట్టి ముద్ద. "బూడిదతోనే వచ్చింది ఇదంతా, మానేద్దాం" అన్నారు దవాఖాన వాళ్లు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు మేస్త్రీ ముందుకొచ్చాడు. "బూడిద తప్పు గాదు సార్. మేడం అటు పోయినప్పుడు గా కొసకు నేనే వైబ్రేటర్ వెట్టిన. మా వదినెకు ఇసొంటి గదిలనే కరెంటు వెట్టిన్రు. అసొంటి గోడ జర గట్టిగుండాలె అనుకున్న."

అతని మీద నాకు ఎంత కోపం వచ్చిందో అంత జాలీ వేసింది. రెండో కొస కోయించాం. రాయి పైనుంచి కిందిదాకా సమంగా ఉంది. బూడిదకు ఒప్పుకున్నారు. అసలు గోడ పోసిన రోజు అతను వైబ్రేటర్‌కు బొట్టు పెట్టి, స్టోరు గదిలో వేసి తాళం పెట్టి, తాళంచెవి నా చేతికిచ్చాడు.

మర్నాడు రైల్లో అమ్మకు ఇదంతా చెప్పాను. "ఇంకనన్నా బూడిదను తిట్టకు" అన్నాను.

అమ్మ నవ్వలేదు. "లోపల పండుకున్నప్పుడల్లా నాకు ఒకటే రంది బిడ్డా. నా బిడ్డ బయట గోడకు ఆనుకొని కూసున్నది, గా గోడ ఆపుతదో లేదో అని. నువ్వేమో అసొంటి గోడల బూడిద వోస్తనంటివి. రేపు ఏ తల్లి బిడ్డనో గాడ కూసుంటది గదా?"

యంత్రం కింద ఒక్కతే పడుకుని ఆమె భయపడింది నా గురించి.