బోర్డింగ్ స్కూల్లో చదివిన ఆంటీ

ఆంటీ పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. లీసెస్టర్‌లో నేను పనిచేసే ఆసుపత్రి క్యాంటీన్‌లో టీ తాగుతున్నాను. "అమ్మ వెళ్ళిపోయింది. నిద్రలోనే. బంధువులకు చెప్పే ముందు నీకు చెప్పాలనిపించింది" అంది. తను గ్లాస్గోలో, నేను ఇక్కడ, ఫోన్లు చెవిన పెట్టుకుని కూర్చున్నాం. టీ చల్లారిపోయింది. షిఫ్టుకు టైమైతే లేచి వెళ్ళి పని చేసుకున్నాను. ఏడుపు రాలేదు.

ఆంటీ నాకు చుట్టం కాదు. 2009లో స్కాలర్‌షిప్ మీద మాస్టర్స్ చదవడానికి గ్లాస్గో వచ్చినప్పుడు ఆవిడ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. భర్త అప్పటికే పోయారు. కూతురు అదే ఊళ్ళో వేరే కాపురం. మొదటి రోజు అలవాటు కొద్దీ "ఆంటీ" అని పిలిచాను. కెటిల్ దించి నావైపు చూశారు. తప్పుగా అనుకున్నారేమోనని, "మావైపు పెద్దవాళ్ళని పేరుపెట్టి పిలవమండీ" అన్నాను.

"మావైపూ అంతే. ఎవరైనా నన్నలా పిలిచి ఎన్నేళ్ళయిందో" అన్నారు.

ఆవిడ వైపు అంటే స్కాట్లాండే అనుకున్నాను.

వెడల్పాటి చెంపలు, నెరిసిన పొడుగాటి జడ. ఆవిడ స్పెయిన్ మనిషని మెట్ల మీద కనిపించిన పక్కింటావిడ చెప్పింది. బోర్డింగ్ స్కూల్లో చదివిందట, బాగా ఉన్నవాళ్ళ పిల్ల అయ్యుంటుందని కూడా అంది. ఈ దేశంలో బోర్డింగ్ స్కూల్ అంటే డబ్బున్నవాళ్ళ పిల్లలు చదివే చోటు మరి. స్పెయిన్ కాదు, కెనడాలో పుట్టాననీ, బోర్డింగ్ స్కూల్లో చదివాననీ ఆంటీయే ఒకసారి నాతో అన్నారు. నేనూ ఉన్నవాళ్ళ పిల్లే అనుకుని ఊరుకున్నాను.

కానీ అన్నం దగ్గర ఆవిడ తీరు వేరు. ఎడమ చెయ్యి పళ్ళెం చుట్టూ అడ్డం పెట్టుకుని, ఎవరో లాక్కుంటారన్నట్టు గబగబా తినేవారు. ఊరంతా ఇష్టంగా తినే పారిడ్జ్, అంటే ఓట్స్ జావ, ఆ ఇంటి గడప తొక్కలేదు. ఎండిపోయిన రొట్టె ముక్కైనా పారెయ్యనిచ్చేవారు కాదు. ఇంట్లో ఎక్కడా కత్తెర కనిపించేది కాదు. కొబ్బరినూనె వాసన నచ్చి, ఆదివారాలు జడ విప్పి నా ముందు కూర్చునేవారు. నూనె రాసి దువ్వుతుంటే కళ్ళు మూసుకుని, "నెమ్మదిగా, హెన్, మనల్ని ఎవరూ తరమట్లేదు" అనేవారు. గ్లాస్గోలో ఆడపిల్లల్ని ముద్దుగా హెన్ అని పిలుస్తారు.

ఒకసారి రక్తపరీక్షకు తోడుగా వెళ్ళాను. అక్కడ చీటీ మీద నంబరు ఇస్తారు. ఆవిడ నంబరు పిలిచారు. ఆవిడ కదల్లేదు. వినపడలేదేమోనని మోచేత్తో తట్టాను.

"వినపడింది. పేరుతో పిలవమను. నంబరుకి నేను లేవను" అన్నారు.

నర్సు దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆమె మారు మాట్లాడకుండా పేరు పెట్టి పిలిచింది. ఆంటీ లేచి, కోటు సర్దుకుని, రాణిలా నడిచి వెళ్ళారు.

అసలు సంగతి తెలిసింది మా అమ్మ వల్ల. మాది భద్రాచలం అవతల కోయగూడెం. ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో స్పీకర్ పెట్టి అమ్మతో మాట్లాడుతున్నాను. అమ్మకు వచ్చింది కోయ. నేను చిన్నప్పటినుంచీ తెలుగులోనే జవాబిస్తాను. ఆమె మాట నాకు అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం రాదు. బట్టలు మడత పెడుతున్న ఆంటీ ఆగిపోయి వింటున్నారు. ఫోన్ పెట్టేశాక అడిగారు.

"మీ అమ్మది ఒక భాష, నీది ఇంకో భాష. అవునా?"

ఈ దేశంలో ఎవరికీ తెలియని సంగతి, ఒక్క ముక్క అర్థం కాకుండానే ఆవిడ చెవికి తెలిసిపోయింది. చెప్పాను. హాస్టల్లో చేరిన మొదటి రోజు దాహమేసి ఏరు కావాలన్నానని చెప్పాను. మా ఇంట్లో ఏరు అంటే మంచినీళ్ళు. వార్డెన్‌కి ఏరు అంటే వాగు. "ఏరెందుకే, ఈదుతావా?" అంటే పిల్లలంతా నవ్వారు. ఆ తర్వాత నేను కోయలో ఏమీ అడగలేదు.

ఆంటీ నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మా భాషలో నిపీ. నేను నిపీ అడిగితే నోట్లో సబ్బు పెట్టారు" అన్నారు.

అప్పుడు చెప్పారు. ఆవిడ కెనడాలోని క్రీ అనే ఆదివాసీ జనంలో పుట్టారు. అక్కడి ప్రభుత్వం చట్టం పెట్టి ఆదివాసీ పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకుపోయి, చర్చిల చేతిలో నడిచే బళ్ళలో ఉంచేది. ఆంటీనీ, తమ్ముడినీ ఒకే పడవలో తీసుకెళ్ళారు. వెళ్ళగానే జడలు కత్తిరించారు. పేరు తీసేసి నంబరిచ్చారు. తిండికి రోజూ పారిడ్జే, అదీ చాలీచాలకుండా. ఆడపిల్లలు ఒకవైపు, మగపిల్లలు ఒకవైపు. తమ్ముడు భోజనాల గదికి అవతలి చివర కనిపించేవాడు, మాట్లాడితే దెబ్బలు. ఒక చలికాలంలో ఆ బెంచీ మీద వాడు కనిపించలేదు. జబ్బు చేసి పోయాడని కొన్నాళ్ళకు మరో పిల్లాడు చెప్పాడు. ఎక్కడ పూడ్చారో ఎవరూ చెప్పలేదు. చివరికి ఇంటికి వెళ్తే, అమ్మమ్మ ఏదో అడుగుతోంది, ఈవిడకు అర్థం కావట్లేదు.

"ఆవిడ నా మొహం తడుముతూ ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అంది. అదేం మాటో నాకు ఇప్పటికీ తెలీదు."

కెనడా ఉత్తరాన ఒక దుకాణంలో పనికి వచ్చిన గ్లాస్గో అబ్బాయిని పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చేశారు. బోర్డింగ్ స్కూల్ అంటే ఆయనా, ఆయన తల్లీ గొప్పగా అనుకున్నారు. ఈవిడ కాదనలేదు. "కాదనడానికి ఓపిక కావాలి కదా" అన్నారు. నేను రావడానికి ముందు ఏడాది కెనడా ప్రధాని ఆ బళ్ళ విషయమై పార్లమెంటులో క్షమాపణ చెబుతుంటే ఇస్త్రీ చేస్తూ టీవీలో చూశారట. సగంలో కట్టేసి మిగతా బట్టలు ఇస్త్రీ చేశారట. కూతురికి మాత్రం చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు.

ఆ తర్వాత లైబ్రరీకి వెళ్ళి ఆ బళ్ళ గురించి దొరికినంతా చదివాను. చదివిన కొద్దీ నీరసం వచ్చేది. మా హాస్టల్ అలాంటిది కాదు. నన్ను మా అమ్మే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చేర్చింది. సెలవులకు ఇంటికి వచ్చేదాన్ని. ఆ చదువు వల్లే ఇంత దూరం వచ్చాను. రెండూ ఒకటని అంటే అది ఆంటీకి అన్యాయం చెయ్యడమే. కానీ ఇప్పుడీ నాలుగు మాటలు తెలుగులో రాస్తున్నాను. కోయలో రాయమంటే రాయలేను. దీనికి కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో నాకు తెలియదు.

చదువై లీసెస్టర్ వచ్చాక కూడా ఏడాదికోసారి గ్లాస్గో వెళ్ళేదాన్ని. ఏదైనా కష్టం చెప్పుకోబోతే, "ముందు తిను. ఏడుపు కూడా పనే, ఖాళీ కడుపుతో చెయ్యకు" అనేవారు.

2015లో ఆ బళ్ళ మీద కెనడా విచారణ సంఘం నివేదిక వచ్చింది. ఆ వార్త టీవీలో చూసి, తల్లి పుట్టిన చోటు పేరు విని, కూతురు పరుగెత్తుకొచ్చింది. నేనారోజు అక్కడే ఉన్నాను. నాకు ముందే తెలుసని నా మొహం చూసి ఆమెకు అర్థమైంది.

"అద్దెకొచ్చిన అమ్మాయికి చెప్పావు. నాకెందుకు చెప్పలేదమ్మా?"

"అప్పుడు నువ్వు బడికి వెళ్ళాలి కదా. బడి అంటే నీకు భయం పుట్టకూడదని" అన్నారు ఆంటీ.

కూతురు కోటు కూడా విప్పకుండా నేల మీద కూలబడిపోయింది. చిన్నప్పుడు తల్లి రోజూ తనతో పాటు వచ్చి, బడి వదిలేదాకా గేటు బయటే నిలబడేదట. వానలోనూ. పిల్లలు వెక్కిరించేవారట. "నువ్వు ఇంటికెళ్ళిపో అని నీమీద అరిచేదాన్ని" అంటూ ఏడ్చింది. ఆంటీ ఆమె తల నిమురుతూ, "అరిచేదానివి. రోజూ సాయంత్రం ఇంటికొచ్చేదానివి. నాకదే కావాలి" అన్నారు.

రెండేళ్ళకు తల్లీ కూతుళ్ళు కెనడా వెళ్ళొచ్చారు. బడి కూల్చేశారట, గడ్డి మొలిచిందట. తమ్ముడు ఎక్కడున్నాడో చూపించగలిగిన మనిషి దొరకలేదు. "ఎలా ఉంది ఆంటీ?" అని ఫోన్ చేస్తే, "అలిసిపోయాను, హెన్. వెళ్ళాల్సిందే. కానీ అలిసిపోయాను" అన్నారు.

నేను ఆవిడను చివరిసారి చూసింది పోయిన వేసవిలో. సముద్రం చూడాలని ఆవిడ అడిగితే, కూతురితో కలిసి ముగ్గురం రైలెక్కి వెళ్ళాం. ఎండగా ఉంది, గాలి మాత్రం చలిగా ఉంది. జనం ఐస్‌క్రీములు తింటున్నారు. ఆంటీ బూట్లు విప్పి కూతురి చేతికిచ్చి, నీళ్ళలోకి చీలమండల దాకా నడిచారు. కెనడా ఉన్న పడమటి దిక్కుకు తిరిగి తమ్ముడిని పిలిచారు. బడివాళ్ళు పెట్టిన పేరుతో కాదు, అమ్మమ్మ పెట్టిన పేరుతో. అది ఆ ఇంటివాళ్ళ పేరు, ఇక్కడ రాయను. గొంతెత్తి ఒక్కసారే పిలిచారు. దూరంగా ఆడుకుంటున్న కుక్క ఒకటి తల తిప్పి చూసింది. అన్నానికి పిల్లల్ని కేకేశాక వాకిట్లో కాసేపు నిలబడతామే, అలా నిలబడ్డారు. నీళ్ళు పైకొస్తున్నాయి. కూతురు బూట్లు గుండెకు ఆనించుకుని వెనకే నిలబడింది, పోదాం రమ్మనలేదు.