గొడుగు నీడలో పళ్లెం

2016 మార్చి 14న నన్ను తోటపల్లి గూడూరు మండలంలో ఒక రొయ్యల గుంటకు నీటి పరీక్షకు పంపారు. అప్పటికి నెల్లూరులో ఒక ఆక్వా ల్యాబులో సీనియర్ అనలిస్టుగా నా సర్వీసు పంతొమ్మిదేళ్లు.

రైతు మస్తాన్, ఆయన భార్య ఖాదర్‌బీ కౌలుకు చేస్తున్న గుంట అది. రొయ్యపిల్ల వేసి 68 రోజులు. మునుపటి పంట తెల్లమచ్చ రోగంతో పోయింది. ఇదీ పోతే గుంట వదులుకోవాల్సిందే. నీళ్లు ముదురు పచ్చగా మారాయని కబురు చేశారు.

నీటిలోకి చూపు ఎంత లోతు దిగుతుందో సెక్కీ డిస్కుతో కొలుస్తాం. ఇరవై సెంటీమీటర్ల వెడల్పున్న, నలుపు తెలుపు పావు భాగాలుగా రంగు వేసిన పళ్లెం అది. గుర్తులున్న తాడుతో దింపుతాం. కనుమరుగైన లోతుకూ, పైకి లాగేటప్పుడు మళ్లీ కనిపించిన లోతుకూ సగటు తీస్తాం. ముప్పై నుంచి నలభై సెంటీమీటర్లు మంచిది. పాతిక కంటే తగ్గితే నాచు మితిమీరినట్టు; రాత్రంతా అది పీల్చేసి తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యంతా చచ్చిపోవచ్చు.

ఉదయం తొమ్మిదిన్నర. కూర్చుని కొలిచేందుకు నీళ్ల మీదికి వేసిన చెక్క పలక పడమటి గట్టున ఉంది. దాని మీద కూర్చుని మూడుసార్లు కొలిచాను: 21, 22, 21. వెంటనే పట్టుబడి చేయమన్నాను, రొయ్య బతికుండగానే పట్టి అమ్ముకొమ్మని. రొయ్య కిలోకు ఎనభై తూగుతోంది; నెల ఆగితే పెరిగి యాభైకి వస్తుంది, ధరా పెరుగుతుంది. మస్తాన్ వలవాళ్లను మధ్యాహ్నం రమ్మని ఫోన్ చేశారు.

నాలుగోసారి దింపుతుంటే, ఎండ నా మొహాన కొడుతోందని ఖాదర్‌బీ గొడుగును ఎదురుగా వాల్చి, అంచు నీళ్లకు ఆనేంత కిందికి పట్టింది. మాయమైన పళ్లెం మళ్లీ కనబడింది. కొలత చెడుతోంది, తీయమన్నాను.

"తీస్తే కనబడదు మేడం. మీరు నీళ్ల మీద తళతళ చూస్తా ఉండారు, నీళ్లలోకి కాదు."

"గమ్మునుండవే, మేడం చదువుకుని వచ్చినారు," అని మస్తాన్ కసిరారు.

"చదివితే ఎండ తగ్గతాదా?"

ఆమె మాట నిజం. నీటి పైభాగం అద్దంలా ఆకాశాన్ని చూపిస్తుంది. సూర్యుడు ఎదురుగా ఉంటే ఆ వెలుగు కిందున్న పళ్లేన్ని కప్పేస్తుంది. కన్ను దాన్ని నీటి చిక్కదనంగా పొరబడుతుంది. నీడ వైపు నుంచి కొలవాలన్నది మా పనిలో మొదటి నియమం. నాకు తెలుసు. పలక పడమట ఉందని అక్కడే కూర్చున్నాను, అంతే.

పలకను తూర్పు గట్టుకు మార్పించి, ఎండను వీపు వెనక పెట్టుకుని, నా నీడలోనే కొలిచాను: 33, 34, 33. పట్టుబడి వద్దన్నాను.

మస్తాన్ మళ్లీ ఫోన్ అందుకున్నారు. "రావద్దులే అన్నా. మా ఇంటామె గొడుగు పట్టింది."

మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి నేనే వెళ్లి ఆక్సిజన్ చూశాను. లీటరుకు 4.6 మిల్లీగ్రాములు, నాలుగుకు తగ్గకుంటే చాలు. ఏప్రిల్ 16న, 101వ రోజు పట్టుబడి చేశారు. కిలోకు 48 తూగింది. గుంట వాళ్ల చేతిలోనే ఉంది.

మూడుసార్లు ఇంచుమించు ఒకే అంకె వస్తే కొలత సరైనదని కాదు. తప్పు చోట కూర్చుంటే తప్పు కూడా మూడుసార్లూ ఒకేలా వస్తుంది. ఆ వారమే రిజిస్టరులో లోతు పక్కన రెండు గళ్లు గీశాను: కొలిచిన గట్టు, సూర్యుడున్న దిక్కు. 2021లో రిటైరయ్యే వరకు, ఆ గళ్లు ఖాళీగా ఉన్న కొలతను లెక్కలోకి తీసుకోలేదు.