పద్ధతి పుట్టని పిండివంట

పటాన్‌చెరులో బస్సు దిగుతుంటే బండివాడు ఆపిల్ పెట్టె మూత లేపాడు. ముందు గడ్డి వాసన, దాని వెనకాలే పుల్లటి తీపి వాసన. వానలు వెనకబట్టాయన్న సంగతి కేలెండరు కన్నా ముందు నా ముక్కే చెబుతుంది. ఆ వెంటే సత్తెమ్మ పెద్దమ్మ గుర్తొస్తుంది.

మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికిన కొత్తలో బీరంగూడలో ఆమె ఇంటి పై వాటాలో కిరాయికి ఉండేదాన్ని. చదివింది కెమిస్ట్రీ, వంట మాత్రం మిస్టరీ. మొదటి జీతంతో చిన్న ఓవెన్ కొని, పై వాటాలో ఉన్నందుకు పిండి రొట్టెలో ఆపిల్ ముక్కలు పొదిగి కాల్చే 'ఆపిల్ పై' చేయడం నా హక్కన్నట్టు మొదలుపెట్టాను. పెద్దమ్మ మెట్లెక్కి వచ్చి, ఓవెన్ ముందు పీట వేసుకుని, అద్దంలోంచి లోపలికి టీవీ చూసినట్టు చూసింది. అందులో గుడ్డు పడదని రూఢి చేసుకున్నాక, ఈసారి పిండి తను కలుపుతానంది.

కలిపింది, అచ్చం గరిజెలకు, అంటే కజ్జికాయలకు, కలిపే పిండిలా. బలమంతా పెట్టి పిసికి, తడిగుడ్డ కప్పి నానబెట్టి, మళ్ళీ పిసికింది. ఓవెన్‌లోంచి బయటికొచ్చాక ఆ ఆపిల్ పైలోకి కత్తి దిగలేదు. నేను ఓవెన్‌ను తిట్టాను. ఆమె ఎవరినీ తిట్టకుండా, ఒక పెచ్చు విరిచి వెలుతురుకు పెట్టి చూసింది. తర్వాతి ఆదివారాలన్నీ ఆ పరిశోధనకే పోయాయి. వెన్న గడ్డగా ఉండాలని, నీళ్ళు చల్లగా ఉండాలని, పిండి దగ్గరకు రాగానే చేతులు తీసేయాలని ఒక్కొక్కటే తెలిసింది. పుల్లటి కాయలు ఏరి, దాల్చినచెక్కకు తోడు శొంఠి వేసింది ఆమే. మా ల్యాబ్‌లో ఏదైనా చెడితే ముందు ఎవరని అడిగేవారు. ఆమె ఎందుకని అడిగేది.

బతుకమ్మ రోజులొచ్చాయి. భర్త పోయాక ఆమె బతుకమ్మ ఆటకు వెళ్ళడం మానేసిందని నాకు అప్పుడే తెలిసింది. రావద్దని ఎవరూ అనలేదట. భర్త పోయిన ఏడాది సద్దులు, అంటే నైవేద్యం పెట్టిన అన్నాలు, పంచుకునేటప్పుడు మాత్రం ఆమె గిన్నె వైపు చేతులు రాలేదట. నువ్వుల సద్ది, పెరుగు సద్ది ఎవరు ఎవరికి పెట్టాలో పద్ధతులున్నాయని చెబుతూ చెబుతూ, ఓవెన్ వైపు చూసి ఆగిపోయింది.

"దీనికి గట్లాంటియేం లేవు గద బిడ్డా?"

లేవన్నాను.

సద్దుల బతుకమ్మ నాడు, బతుకమ్మలను నీళ్ళలో వదిలాక, కాలనీ ఆడవాళ్ళు చాపలు పరిచారు. పెద్దమ్మ తను చేసి తెచ్చిన ఆపిల్ పై పళ్ళెం మీది మూత తీసింది. ఎవరూ చెయ్యి చాపలేదు. నేను చాపబోతే మోకాలితో ఆపింది. అందరిలోకీ పెద్దదైన నర్సమ్మ పళ్ళెం వైపు చూసి, "గిది పద్ధతేనా సత్తెమ్మా?" అంది.

పెద్దమ్మ పళ్ళేన్ని ఆమె ముందుకు జరిపింది. "దీనికింక పద్ధతి పుట్టలే అక్కా. తిని జూడు. ఏం పద్ధతి బెడ్తవో నువ్వే బెట్టు."

 నర్సమ్మ ఒక ముక్క తీసుకుని, నెమ్మదిగా నమిలి, శొంఠి వేశావా అని అడిగింది. పెద్దమ్మ తలూపింది.

"జెర ఎక్కువైంది," అంటూనే నర్సమ్మ పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. నేను చేసే ఆపిల్ పై ఇప్పటికీ ఒక్కోసారి రాయిలాగే వస్తుంది. కానీ 'మాలో ఇట్లాంటి పద్ధతి లేదు' అని ఎవరైనా అంటే, ఆ మాటలో నాకు ఒక మనిషి కూర్చునేంత చోటు కనిపిస్తుంది.