సూది వెయ్యనన్న డాక్టరమ్మగారు

అద్దంకి డాక్టరమ్మగారు పోయారన్న కబురు నాకు మిరపకల్లంలో తెలిసింది. ఎండిన మిరపలోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నాను. బస్సు దిగి వచ్చిన మా ఆయన గట్టు మీదే నిలబడి, "డాక్టరమ్మగారు ఇక లేరంట" అన్నాడు. ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఇక పిల్లలకి జలుబు చేస్తే ఎవరి దగ్గరికి పోవాలి?

జలుబుకి ఇంత భయమా అనుకుంటారేమో. మా పెద్దపిల్లకి మామూలు పడిశమే అనుకున్నాం. ఊపిరితిత్తులకి నెమ్ము చేసిందని తెలిసేసరికే చెయ్యి దాటిపోయింది. తర్వాత పుట్టిన మావాడు తుమ్మితే చాలు, ఊళ్ళో సూదులేసే ఆయన దగ్గరికి పరిగెత్తి సూది వేయించేదాన్ని. వాడికి విరేచనాలు పట్టుకునేవి. అయినా సూది పడిందన్న ధైర్యంతో ఆ పూట గడిపేదాన్ని.

డాక్టరమ్మగారి దగ్గరికి మొదటిసారి వెళ్ళినప్పుడు వాడికింకా నడక రాలేదు. ముక్కు కారుతోంది, ఒళ్ళు వెచ్చగా ఉంది, దగ్గుతున్నాడు. ఆవిడ స్టెతస్కోపు బిళ్ళని అరచేతిలో రుద్ది వెచ్చబరిచి, అప్పుడు వాడి గుండె మీద పెట్టారు. ఎప్పుడూ అంతే, ఏ బిడ్డకీ చల్లగా తగలనిచ్చేవారు కాదు.

"ఉత్త జలుబమ్మా. యాంటీబయాటిక్ దీనికి పనిచెయ్యదు, ఊరికే పొట్ట పాడుచేస్తుంది. దానంతట అదే తగ్గుతుంది."

మా ఆయన గొంతు లేచింది. "తగ్గకపోతేనండీ? మాకొక పిల్ల ఇట్టాగే పోయింది!" నా వైపు తిరిగి, "లెగు, ఇంకో డాక్టరు దగ్గరికి పోదాం" అన్నాడు.

ఆవిడ కోప్పడలేదు. "సాయంత్రం బస్సు దాకా ఇక్కడే కూర్చోండి. నా కళ్ళ ముందే ఉంటాడు. ఏమాత్రం తేడా వచ్చినా మందు నేనే ఇస్తాను."

వరండాలో బల్ల మీద కూర్చున్నాం. కాచి చల్లార్చిన నీళ్ళలో చిటికెడు ఉప్పు కలిపి, ముక్కులో చుక్కలు వేసి, పాలు పట్టమన్నారు. మిరపఘాటు తగలనివ్వద్దన్నారు. వాడు దగ్గినప్పుడల్లా నాకు పెద్దపిల్ల మొహమే కనపడేది. ఒక్కో రోగి బయటికి వెళ్ళగానే ఆవిడ వచ్చి, నా ముందు గొంతుక్కూర్చుని, చొక్కా ఎత్తి చూసేవారు.

"చూడు, ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయా? లేదుగా. పాలు తాగుతున్నాడు. ఆయాసం వచ్చినా, పాలు మానేసినా, మగతగా పడున్నా వెంటనే పరిగెత్తుకురా."

"భయంగా ఉందండీ" అన్నాను.

"నాకూ భయమేనమ్మా. భయపడు, కానీ బిడ్డని చూస్తూ భయపడు."

డాక్టరుకి కూడా భయం ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఎందుకో అది విన్నాకే ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

పొద్దు వాలేసరికి వాడు ఆవిడ కళ్ళజోడు లాగబోయాడు. మందు లేకుండానే ఇంటికొచ్చాం. ముక్కు ఇంకా చాలా రోజులు కారింది, దగ్గు ఒక పట్టాన వదల్లేదు. చివరికి దానంతట అదే పోయింది.

మరుసటేడు మంచు రోజుల్లో మళ్ళీ దగ్గు. చొక్కా ఎత్తి చూశాను. డొక్కలు ఎగరేస్తున్నాడు. ఎవర్నీ అడగలేదు, దొరికిన బస్సెక్కాను. ఆవిడ ఒక్క చూపు చూసి, "నెమ్ము. ఇప్పుడు కావాలి మందు" అన్నారు. సూదిలోకి మందు ఎక్కించి ఆవిడే వేశారు. వాడు దక్కాడు. మా ఆయన ఆవిడకి దణ్ణం పెట్టాడు.

మొన్న ఆవిణ్ణి సమాధి చేసి తిరిగి వస్తూ ఆవిడ ఆసుపత్రి మీదుగా నడిచాం. మెట్ల మీద ఎవరో చిన్న వయసు తల్లి, చంకలో దగ్గుతున్న పసిగుడ్డు.

"తలుపులు ఎప్పుడు తీస్తారక్కా?" అంది.

డాక్టరమ్మగారు పోయారని చెప్పాను. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "మరి నా బిడ్డో?"

పక్కన కూర్చున్నాను. నాకేం వైద్యం వచ్చు? బిడ్డ డొక్కల వైపు చూశాను, ఊపిరి నిదానంగానే ఆడుతోంది. అయినా చూపు తిప్పుకోలేదు. "ముందు పాలియ్యమ్మా. తాగకపోతే ఇప్పుడే పెద్దాసుపత్రికి పోదాం, నేనూ వస్తా" అన్నాను.

బిడ్డ రొమ్ము అందుకుంది. రెండు గుక్కలు తాగి, ముక్కు బిగిసి వదిలేసి, నోటితో గాలి పీల్చుకుంది. మేమిద్దరం దాని మొహమే చూస్తున్నాం. మళ్ళీ అందుకుంది.