ఈగలో పంచదార, ఒంటెలో ఉప్పు

మా ఇంట్లో పంచదార ఈగలో ఉంటుంది. ఉప్పు ఒంటెలో, బియ్యం ఎలుకలో, కారం ఏనుగులో. కాఫీ పొడి ఔషధంలో ఉంటుంది. అదొక్కటే కాస్త సబబుగా కుదిరింది.

నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక, ఈ దేశం వచ్చాక. మా అమ్మాయి వాళ్లు బ్రిస్బేన్ పక్కన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఉంటారు. ఆదివారాలు మనవరాలిని కమ్యూనిటీ హాల్లో తెలుగు క్లాసుకి పంపి నేను బయట కుర్చీలో కూర్చునేదాన్ని. ఒకరోజు చలిగా ఉందని పంతులమ్మ నన్నూ లోపలికి రమ్మంది. పిల్లలు దిద్దుతుంటే ఊరికే కూర్చోవడం ఎందుకని నేనూ దిద్దాను. నేర్చుకున్న మాటల్ని రోజూ కంటపడే చోట అంటించుకోమని ఆవిడ చెప్పింది. పిల్లలు మంచాలకూ తలుపులకూ అంటించుకున్నారు. నా కళ్లు రోజంతా ఉండేది వంటింటి అలమరలో కాబట్టి నేను స్టీలు డబ్బాలకు అంటించాను. అమ్మ, ఆవు, ఇల్లు, ఈగ, పుస్తకంలో ఏ వరసలో ఉంటే ఆ వరసలోనే. ఏ డబ్బాలో ఏముందో మూత తీయకుండానే తెలిసినదాన్ని, అది రాసుకోవలసిన పని నాకేముంది?

ఇంట్లో వాళ్లు నాలుగు రోజుల్లో అలవాటు పడిపోయారు. మా అమ్మాయి షాపులోంచి ఫోన్ చేసి, "అమ్మా, ఎలుక అయిపోయిందా, ఇంకా ఉందా?" అని అడిగితే పక్కనున్న తెలుగావిడ ట్రాలీ వెనక్కి లాక్కుని వెళ్లిపోయిందట.

అందులో నాకొక సుఖం ఉండేది. వంటింట్లో ఎవరికి ఏం కావాలన్నా నన్ను పిలవాల్సిందే. కూతురింట్లో ఉంటున్న తల్లికి అది చిన్న సంగతి కాదు.

అలా ఉండగా మా వియ్యపురాలు వచ్చింది. అల్లుడి తల్లి. కరీంనగర్ వైపు బడిలో టీచరుగా చేసి రిటైరయింది. ఇంతకుముందు చుట్టపుచూపుగా వచ్చి వెళ్లేది. ఈసారి ఉండిపోవడానికి వచ్చింది. కొడుకు ఇల్లంటే ఆవిడకు సొంతిల్లే కదా. ఆ మాట ఎవరూ అనలేదు. అనకపోయినా అది సూట్‌కేసులతోపాటే కారులోంచి దిగింది. కింది అంతస్తులో నా గది పక్క గదే ఆవిడకిచ్చారు.

ఆవిడ చాలా మంచి మనిషి. అదే నాకు పెద్ద ఇబ్బంది అయింది. వచ్చిన మర్నాడే, నేను స్నానం చేసి వచ్చేలోగా, అందరికీ టీ పెట్టేసింది. ఆవిడకు షుగరు, అందుకని తన కప్పు ముందే పక్కకు తీసుకుని మిగతా దాంట్లో తీపి కలిపింది. నేను కాఫీ మనిషిని. నా ఔషధం నేను కలుపుకున్నాను. అల్లుడు ఒక గుక్క తాగి, తల్లి మొహంలోకి చూసి, "బాగుందమ్మా" అన్నాడు. అమ్మాయి కూడా ఒక గుక్క తాగి, అత్తగారి మొహంలోకి చూసి, "చాలా బాగుంది అత్తయ్యా" అంది. ఇద్దరూ కప్పులు ఖాళీ చేసి ఆఫీసులకు పోయారు. ఆ మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. కాకపోతే ఇద్దరూ ఆఫీసులో అదేపనిగా నీళ్లు తాగుతున్నామని చెప్పుకుంటుంటే, ఎండలు ముదిరాయి కాబోలు అనుకున్నాను.

శనివారం పొద్దున మా మనవరాలు వాళ్ల నాన్న కప్పులో బిస్కెట్ ముంచుకుని నోట్లో పెట్టుకుంది. పెట్టుకున్నది పెట్టుకున్నట్టే సింకు దగ్గరికి పరుగెత్తింది.

"డాడ్! దిస్ ఈజ్ ద ఓషన్!"

అల్లుడు తల దించుకున్నాడు. అమ్మాయి కిటికీలోంచి పక్కింటి వాళ్ల చెత్తడబ్బాలు చూడ్డం మొదలుపెట్టింది. మా వియ్యపురాలు కప్పు అందుకుని ఒక చుక్క నాలిక్కి తగిలించుకుంది.

"ఉప్పు!" అంది. "వారం నుంచి మీ ఇద్దరికి ఉప్పు తాగించిన్నా? ఒక్కళ్లన్న చెప్పరేందిరా?"

"నువ్వు ఫీలవుతావని..." అన్నాడు అల్లుడు.

"నేను ఫీలయితనని బీపీ తెచ్చుకుంటవా?" అని వంటింట్లోకి వెళ్లి అలమర తెరిచింది. నేనూ వెనకాలే వెళ్లాను. ఆవిడ ఒక్కొక్క డబ్బానే పైకి చదవడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ కళ్లజోడు లేకుండా, తెల్లగా ఉన్నదల్లా చక్కెరే అనుకుని వేసేసిందట. "ఈగ. ఉడుత. ఎలుక. ఇదేంది వదినా, ఎలుక అని రాసిపెట్టిన్రు, లోపల బియ్యమున్నయి! ఎవరన్న సూస్తే ఏమనుకుంటరు?"

"అవి పేర్లు కావు వదినగారూ, నా పాఠాలు" అన్నాను.

"పాఠాలు పలక మీద ఉండాలె. డబ్బా మీద డబ్బాల ఉన్నదే ఉండాలె. నేను రాసిపెడత, ఒక్క పూట పని."

ఆవిడ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. ఆవిడ రాసిపెడితే ఎవరైనా చదువుకుంటారు. ఎవరికి ఏం కావాలంటే అది తీసుకుంటారు. ఇక నన్ను పిలవాల్సిన పని ఎవరికీ ఉండదు. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తెలిసింది. పైకి మాత్రం, "అలాగే వదినగారూ, తొందరేముంది" అన్నాను.

సింకు దగ్గర నోరు పుక్కిలిస్తున్న మనవరాలు వెనక్కి తిరిగింది. "ఓ మై గాడ్. దిస్ ఈజ్ మై టాపిక్!"

వాళ్ల బడిలో డిబేట్ పెట్టారు. ఆస్ట్రేలియాకు రాజు ఉండాలా, తీసేసి రిపబ్లిక్ కావాలా అని. మనవరాలికి రిపబ్లిక్ కావాలనే పక్షం వచ్చింది. నాకు పౌరసత్వం వచ్చి ఏడాది కూడా కాలేదు. అది ఇచ్చిన రోజు హాల్లో గోడ మీద రాజుగారి ఫొటో చూసి, ఈయన ఇక్కడెక్కడో ఉంటాడేమో అనుకున్నాను. ఇంగ్లండులో ఉంటాడని మనవరాలు ఇప్పుడు చెప్పింది.

"మరి ఇక్కడ పనెవరు చూస్తారు?"

"గవర్నర్ జనరల్ ఉంటారు అమ్మమ్మా. కింగ్ తరఫున సైన్ చేస్తారు."

"ఏం రాసిస్తే అదేనా?"

"ప్రైమ్ మినిస్టర్ ఏం చెబితే అది. బట్ కాన్‌స్టిట్యూషన్‌లో ప్రైమ్ మినిస్టర్ అనే వర్డే లేదు! అంతా అప్పటి క్వీన్, గవర్నర్ జనరల్ అనే ఉంటుంది. లేబుల్ ఒకటి, ఇన్‌సైడ్ ఇంకోటి. జస్ట్ లైక్ యువర్ టిన్స్!"

దేశం దేశమే నా అలమరలాగా నడుస్తోందని విని నాకు రాజుగారి మీద ఒక్కసారిగా అభిమానం పుట్టుకొచ్చింది.

ఆదివారం సాయంత్రం ఓటింగు అని మనవరాలు ప్రకటించింది. డబ్బాల మీద ఉన్నవి తీసేసి లోపల ఏముందో అది రాయాలా, అవునా కాదా, అంతే ప్రశ్న. రూలు కూడా అదే పెట్టింది. ఈ దేశంలో రాజ్యాంగం మార్చాలంటే మొత్తం జనంలోనూ ఎక్కువమంది ఒప్పుకోవాలట, రాష్ట్రాల్లోనూ ఎక్కువ రాష్ట్రాలు ఒప్పుకోవాలట. మా ఇంటికి రెండు రాష్ట్రాలు. అమ్మాయి, అల్లుడు, మనవరాలు పై అంతస్తు. మేమిద్దరం కింది అంతస్తు. రెండూ ఒప్పుకుంటేనే మార్పు.

ఆ శని, ఆదివారాల్లో మా ఇంట్లో జరిగినంత ప్రచారం నేను మా గోదావరి జిల్లాలో పంచాయతీ ఎన్నికల్లో కూడా చూడలేదు. వదినగారు రిపబ్లిక్ పక్షం. అల్లుడు సాఫ్ట్‌వేరు మనిషి, "వర్క్ అవుతున్న సిస్టమ్‌ని ఎవడూ టచ్ చెయ్యకూడదు" అన్నాడు.

"వర్కయితున్నదా? వారం రోజులు ఉప్పు తాగినవు కద కొడకా."

"అది యూజర్ ఎర్రర్ అమ్మా."

"నేను ఎర్రరా?"

అల్లుడు గబగబా కారు కడగడానికి వెళ్లిపోయాడు.

అమ్మాయి మార్చాలనే అంది. కానీ రాస్తే ఇంగ్లీషులో రాయాలంది. వదినగారు తెలుగే ఉండాలన్నారు. మనవరాలు బొమ్మలు చాలంది. మళ్లీ లోపలికొచ్చిన అల్లుడు, మార్చేటట్టయితే అసలు రాతే లేకుండా గాజు సీసాలు కొనేద్దామన్నాడు. మార్చాలనే వాళ్లలోనే అంత గొడవ జరుగుతుంటే నేను మెదలకుండా చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చున్నాను. పూర్వం ఒకసారి ఈ దేశంలో ఓటు పెట్టినప్పుడూ ఇలాగే అయిందట. రాణి వద్దనే వాళ్లు, రాణి బదులు వచ్చేవాణ్ని ఎవరు ఎన్నుకోవాలని వాళ్లలో వాళ్లు తగువుపడితే అప్పటి రాణిగారు, ఈ రాజుగారి తల్లి, నిమ్మళంగా ఉండిపోయారట. ఆవిడ కూడా చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చుని ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం నిద్ర లేచి మంచినీళ్ల కోసం వెళ్లబోతే వంటింట్లో చప్పుడైంది. గుమ్మం దగ్గర ఆగాను. వదినగారు అలమర ముందు ఒక్కతే నిలబడి ఉంది. నన్ను పిలవడం ఇష్టం లేక, డబ్బాలు ఒక్కొక్కటే మూత తీసి వాసన చూసి, మూత పెట్టి, మళ్లీ తీస్తోంది. కళ్లజోడు నుదుటి మీద ఉంది. ఎన్ని పుస్తకాలు చదివిన మనిషో, రాత కళ్లముందే ఉన్నా ఆ రాత ఆవిడకేమీ చెప్పడం లేదు. నేను బస్సు బోర్డుల ముందు అచ్చం అలాగే నిలబడేదాన్ని. వచ్చిన ప్రతి బస్సు కండక్టరునీ అడిగి, విసుక్కుంటే మళ్లీ వెనక్కి వచ్చి నిలబడేదాన్ని.

నీళ్లు తాగకుండానే గదిలోకి వెళ్లిపోయాను.

సాయంత్రం పోలింగు. ఓటు వేసే చోట సాసేజ్ ఉండి తీరాలని, అది ఈ దేశపు ఆచారమని మనవరాలు పట్టుబట్టింది. మాది శాకాహారం ఇల్లు, అందుకని మిరపకాయ బజ్జీలు వేశాం. వదినగారు మూకుడు దగ్గర, నేను పిండి దగ్గర.

"శనగపిండి ఎండ్ల ఉన్నది వదినా?"

"ఉడుతలో వదినగారూ."

"ఉడుతల!" అని ఆవిడకు నవ్వొచ్చి నూనె గరిటె పక్కన పెట్టేసింది. నాకూ నవ్వొచ్చింది. కాసేపు బజ్జీలను ఎవరూ పట్టించుకోలేదు.

అందరం కాగితాల మీద రాసి రైస్ కుక్కర్ గిన్నెలో వేశాం. రహస్య ఓటు అన్నారు గానీ, మా ఇంట్లో ఎవరి రాత ఎవరిదో తెలియనిదెవరికి? మనవరాలు బల్ల మీద ఒక్కొక్కటే విప్పింది. తనది అవును. వాళ్ల అమ్మది అవును. అల్లుడిది కాదు, కింద "ప్లీజ్" అని కూడా ఉంది. నాలుగోది విప్పి ఆగిపోయింది. పెద్ద పెద్ద అక్షరాలు, వరస కాస్త కిందికి జారింది. "అవును."

"అమ్మమ్మా? యూ వోటెడ్ అగెన్‌స్ట్ యువర్‌సెల్ఫ్?"

నేను బజ్జీ నోట్లో పెట్టుకున్నాను.

ఐదోది విప్పింది. ముత్యాల్లాంటి అక్షరాలు, పైన గీత గీసినంత సమంగా. "కాదు."

అందరూ వదినగారి వైపు చూశారు. ఆవిడ పళ్లెంలో ఉల్లిపాయ ముక్కలు అటూ ఇటూ జరుపుతూ, "అవి మీరు మొట్టమొదలు నేర్చుకున్న అక్షరాలాయె వదినా" అంది. "ఎంతోమందికి దిద్దిపిచ్చిన చేతులు ఇవి. పీకెయ్యుమని ఎట్ల రాస్తయి?"

"నేనేమో మీకు దారి తెలియక ఇబ్బంది పడుతున్నారని..." అన్నాను.

"అయ్యో, నా కోసమని మీరెందుకు రాసిన్రు?"

"మరి నా కోసమని మీరెందుకు రాశారు?"

ఇద్దరం పోట్లాటలోకి దిగబోతుంటే మనవరాలు బల్ల మీద తల ఆనించేసింది. మొత్తం మీద మూడు అవును, రెండు కాదు. మార్పు గెలిచింది. కానీ కింది అంతస్తులో ఒకటికి ఒకటి. మా రాష్ట్రం ఒప్పుకోలేదు. దాని రూలే దాన్ని ఓడించింది.

"మీ ఇద్దరూ మీకు కావలసింది రాసుకున్నా ఇదే రిజల్టు వచ్చేది కదా!" అన్నాడు అల్లుడు, చివరి బజ్జీ తీసుకుంటూ.

బడిలో డిబేట్ కూడా మనవరాలు ఓడిపోయింది. మా డబ్బాల సంగతంతా చెప్పి, లోపల ఉన్నదే పైన రాయాలంది. అవతలి పక్షం పిల్లాడొకడు లేచి, ఇప్పుడు మీ ఇంట్లో టీ ఎలా ఉందని అడిగాడట. అబద్ధం చెప్పడం చేతగాక, బాగానే ఉందని చెప్పేసి వచ్చింది.

నిజంగానే ఓటు పెట్టి నన్నడిగితే ఏం వేస్తానని అది ఇప్పటికీ అడుగుతుంది. రాజుగారి మీద నాకేం కోపం లేదు. కానీ ఎక్కడో ఉన్న పెద్దాయన పేరు పైన అంటించి, పనంతా లోపల వీళ్లే చేసుకుంటున్నప్పుడు, కొత్తగా వచ్చినవాళ్లు వాసన చూసి తెలుసుకోవాల్సి వస్తుంది. అందుకని అవుననే వేస్తాను. కాకపోతే, ఆ కాగితం పీకే ముందు ఆయనకు ఎవరైనా మర్యాదగా ఒక మాట చెప్పిరావాలి.

వదినగారు మాత్రం రెండు వారాల్లో మా అలమర మొత్తం నేర్చేసుకుంది. ఈగ చక్కెర, ఒంటె ఉప్పు, ఉడుత శనగపిండి అని ఎక్కం అప్పజెప్పినట్టు అంటూ తిరిగేది. ఇప్పుడు నాకంటే ముందే ఆవిడ చెయ్యి వెళ్తుంది. నాకు తెలుసు. అయినా పొద్దున్నే నేను హాల్లో కూర్చుని పేపరు కూడబలుక్కుంటుంటే వంటింట్లోంచి కేకేస్తుంది.

"వదినా, చక్కెర ఎండ్ల ఉన్నది?"

"ఈగలో వదినగారూ!"

నేను జవాబు చెప్పేసరికే టీలో చెంచా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంటుంది.